రోవెల్ వరప్రసాదం గారి చిటికెన వేలు

మా బావగారి దగ్గర ఏ విషయమైనా మాట్లాడొచ్చు. కొబ్బరికాయ ధర పడిపోయిందని వాపోవచ్చు, సంఘపెద్దల ఎన్నిక గురించి వాదించొచ్చు, చివరికి ఆయన పెట్టిన టీ బాగాలేదని మొహం మీదే చెప్పొచ్చు. అన్నీ నవ్వుతూ వింటారు. గిటారు మాటెత్తితే మాత్రం జాగ్రత్తగా ఉండాలి. ఆయన దృష్టిలో ఈ భూమ్మీద గిటారంటే రోవెల్ ఒక్కటే. మిగతావన్నీ తీగలు బిగించిన చెక్కలు.

ఆయన పేరు వరప్రసాదం. ఎలిమెంటరీ స్కూల్లో మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. మా రూతక్క భర్త. తాటిపాక దగ్గర మా ఊరి చర్చిలో అక్క పెళ్ళి కాకముందు నుంచీ లీడ్ గిటారు ఆయనదే. నేను ఆయన పక్కన కీబోర్డు వాయిస్తాను. మిగతా రోజుల్లో అమలాపురంలో బ్యాంకు గుమాస్తాని. ఆదివారం ఆరాధనలకీ, ఎండాకాలం కన్వెన్షన్ సభలకీ, పెళ్ళిళ్ళకీ మేమిద్దరం కలిసి వెళ్ళని ఊరు రాజోలు చుట్టుపక్కల లేదు. ఎక్కడికెళ్ళినా ఆయన్ని వట్టి వరప్రసాదం గారని ఎవరూ అనరు, రోవెల్ వరప్రసాదం గారనే అంటారు. కొత్తగా వచ్చిన పాస్టరమ్మ గారు అది ఇంటిపేరనుకుని మా అక్కని "రోవెల్ రూతమ్మ గారూ" అని పిలిచారు. "నాకంటే ముందు ఈ ఇంటికొచ్చింది అదే కదండీ, దాని పేరే నాకూ పెట్టేసేరు" అంది అక్క. నవ్వుతూనే అంది గాని, ఆ పూట కూరలో ఉప్పు వెయ్యలేదు.

రోవెల్ గిటార్లు కలకత్తాలో తయారయ్యేవి. ఆ కంపెనీ మూతపడి చాలా కాలమైంది. పొట్టి గిటారు, సన్నటి మెడ, ఆ మెడ మీద వేళ్ళు నొక్కే మెట్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. తల మీద వాలు అక్షరాలతో కంపెనీ పేరు. యాంప్లిఫైయరుకి తగిలించగానే, ఇంకా పాట మొదలవకముందే, గుయ్యిమని ఒక మోత వస్తుంది. నా చెవికి అది ఎర్తింగు సరిగ్గా లేని మోత. బావగారికి అది ప్రాణం ఉందనడానికి గుర్తు. వానాకాలంలో దాని తీగలు పట్టుకుని మైకుకి మూతి ఆనిస్తే చురుక్కుమని షాకు కొడుతుంది. "నిద్రపోకుండా లేపుతుందిరా" అంటారు. శ్రుతి నిలవదు. "మనిషి మటుకు పొద్దున్న ఉన్నట్టు సాయంత్రం ఉంటాడేంట్రా?" అంటారు. దానికున్న ప్రతి రోగమూ ఆయన నోట్లో పడితే ఒక సుగుణమే. తా మునిగింది గంగ, తా వలచింది రంభ అని పెద్దలు ఊరికే అనలేదు.

ఈ పిచ్చి ఆయనొక్కరిదే అనుకుంటే పొరపాటు. వాయిద్యం పట్టినవాళ్ళందరికీ ఎంతో కొంత ఉంటుంది. అమలాపురంలో పెళ్ళి ఆర్కెస్ట్రాకి వాయించే అంజిబాబు జపాను గిటారు తప్ప ముట్టడు. నేనూ తక్కువ తిన్నవాణ్ణి కాదు. కీబోర్డు మార్చిన ప్రతిసారీ అదే కంపెనీది కొంటాను. ఎందుకని అడిగితే సౌండు బాగుంటుందంటాను గాని, అసలు సంగతి నా చేతికి మొదటి పాట వచ్చింది ఆ కంపెనీ కీబోర్డు మీద. అంతకు మించి నా దగ్గర కారణమేమీ లేదు.

బావగారి పిచ్చిలో విశేషం ఏమిటంటే అది పక్కవాళ్ళకి అంటుకుంటుంది. శనివారం సాయంత్రాలు ఇంటి వరండాలో ఆయన గిటారు నేర్పుతారు. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోరు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళు మలికిపురం నుంచి అమలాపురం దాకా ప్రతి చర్చిలోనూ ఉన్నారు. వాళ్ళందరికీ రోవెలే కావాలి. కంపెనీయే లేదు కాబట్టి పాతవాటిని వేటాడతారు. నర్సాపురంలో ఎవరింట్లోనో అటక మీద ఒకటుందని తెలిస్తే చాలు, బండేసుకుని వెళ్ళిపోతారు. కలకత్తాలో చచ్చిపోయిన కంపెనీ మా రాజోలు చుట్టుపక్కల మాత్రం నిక్షేపంగా బతికుంది. బావగారు వారానికోసారి గిటారు మెడకి కొబ్బరినూనె రాస్తారు, దానికి తలంటు అని పేరు. శిష్యులందరూ రాస్తారు. ఆదివారం ముందు వరసలో కూర్చుంటే బైబిలు వాక్యం కంటే ముందు కొబ్బరినూనె వాసన తగులుతుంది.

ఇంకొక అలవాటు కూడా అంటుకుంది. వాయించేటప్పుడు బావగారి ఎడమచేతి చిటికెన వేలు తీగల మీద పడదు. నిటారుగా పైకి లేచి ఉంటుంది. శిష్యులందరి వేలూ అంతే. కన్వెన్షన్ స్టేజీ మీద ఎవరైనా వేలెత్తి వాయిస్తుంటే కింద కూర్చున్న జనం "రోవెల్ మాస్టారి శిష్యుడండి" అని గుర్తుపట్టేస్తారు. పెద్ద శిష్యుడు సన్నీ, మా ఊళ్ళోనే కరెంటు పని చేస్తాడు, ఆ వేలి మీద ఒక సిద్ధాంతమే కట్టాడు. "రోవెల్ మెడకి మూడు వేళ్ళు చాలండి. నాలుగోది పైకెందుకుంటాదంటే, వాయించేది మేం గాని వాయింపజేసేది పైనున్నాయనండి, అని చూపించడానికండి" అని కొత్త పిల్లలకి చెబుతుంటాడు. పిల్లలు భక్తిగా వింటారు.

ఆ వేలు దేవుణ్ణీ చూపించదు, దయ్యాన్నీ చూపించదు. అది వంగదు. అంతే సంగతి. ఈ ముక్క మా అక్కకీ నాకూ తప్ప ఎవరికీ తెలియదనుకునేవాళ్ళం.

బావగారి నాన్నగారు కొబ్బరి వలుపు పనికి వెళ్ళేవారు. నేలలో పాతిన ఇనపమొన మీద కాయని గుచ్చి పైన పీచు డొక్క తీసే పని. రోజంతా నడుం వంచి చేస్తే గాని రాశి తరగదు. సెలవల్లో కొడుకు కూడా సాయం వెళ్ళేవాడు. హైస్కూల్లో ఉండగా ఒకరోజు కాయ జారి ఎడమచెయ్యి మొన మీద పడింది. గాయం మానింది, చిటికెన వేలు మాత్రం కర్రలా నిలబడిపోయింది. ఆయన చదువుకి ఆ వేలు అడ్డం రాలేదు, ఉద్యోగానికీ అడ్డం రాలేదు. అడ్డం వచ్చింది గిటారు దగ్గరే.

టీచరు ట్రైనింగు చదివే రోజుల్లో రాజమండ్రిలో గిటారు నేర్పే ఒక పెద్దమనిషి దగ్గరికి వెళ్ళారు. ఆ పెద్దమనిషి ఈయన చెయ్యి తిప్పి చూసి, నేర్చుకుంటున్న పిల్లలందరి ముందూ, "ఈ కుంటివేలికి గిటారెందుకయ్యా, వెళ్ళి డప్పు కొట్టుకో" అన్నాడు. ఆ ఒక్క మాటలో ఎన్ని దెబ్బలున్నాయో మా పేటలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. డప్పు గొప్ప వాయిద్యమే. ఆ మాట అన్న నోటిదే తప్పు. ఆ పెద్దమనిషిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి పాలకొల్లులో, ఆర్కెస్ట్రా మానుకున్న ఒక ముసలాయన ఇంట్లో గోడకి వేలాడుతూ రోవెల్ కనబడింది. ఆశలేవీ పెట్టుకోకుండా ఊరికే చేతిలోకి తీసుకున్నారట. మెడ సన్నం, మెట్లు దగ్గర. మూడు వేళ్ళకి అన్నీ అందుతున్నాయి. అప్పటికి చించినాడ దగ్గర వంతెన లేదు. పంటు మీద గోదావరి దాటుతూ దాన్ని ఒళ్ళో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చారట, పక్కవాళ్ళు ఎవరో పోయారనుకుని ఓదార్చారట. పెళ్ళైన కొత్తలో అక్కకి చెప్పుకున్నారు, అక్క నాకు చెప్పింది. ఒకసారి నేనే ఆయన్ని గట్టిగా అడిగాను, ఇంతకంటే మంచి గిటార్లు సవాలక్ష ఉన్నాయి కదా, దీన్నే పట్టుకు వేలాడతారెందుకని. "మొట్టమొదట మనల్ని పొమ్మననిది ఏదో, అదే మన గిటారురా సురేంద్రా" అన్నారు.

శిష్యులు వేలెత్తడం మొదలుపెట్టినప్పుడు ఆయన అసలు సంగతి చెప్పలేదు. మొదటివాడు ఎత్తితే ముచ్చటేసిందట. రెండోవాడూ ఎత్తాక, ఇక తన వేలు చూసి ఎవరూ నవ్వరని ధైర్యం వచ్చిందట. ఆ తర్వాత చెప్పే వేళ దాటిపోయింది. కుంటివేలు అనిపించుకున్న మనిషికి అదే వేలు ఒక బాణీ అయి కూర్చుంటే కాదనాలని ఎలా అనిపిస్తుంది? నాకైనా అనిపించదు.

నిఖిత విషయం వచ్చేదాకా ఈ వ్యవహారం వల్ల ఎవరికీ పెద్ద నష్టం కలగలేదు.

నిఖిత వాళ్ళ అమ్మ ఎలీసమ్మ గారు తాటిపాకలో అంగన్‌వాడీ టీచరు. నిఖిత చిన్నప్పుడే మా బావగారి వరండాలో చాప మీద కూర్చుని గిటారు పట్టింది. శిష్యులు చాలామంది ఉన్నారు గాని, ఇలాంటి చెవి ఉన్నవాళ్ళు ఇంకొకరు లేరు. పాట ఒక్కసారి వింటే చాలు, మళ్ళీ అడగదు. డిగ్రీ అయిపోయింది, బీఈడీ చెయ్యనంది, సంగీతమే చదువుతానని చెన్నైలో ఒక మ్యూజిక్ కాలేజీకి దరఖాస్తు పెట్టుకుంది. సెలక్షనుకి పిలిచారు. రోవెల్ కి తలంటి, సంచిలో పెట్టుకుని, తల్లితో రైలెక్కింది.

తిరిగొచ్చిన సాయంత్రం నేను వరండాలోనే ఉన్నాను. సంచి మెట్టు మీద పెట్టి, చెప్పులు కూడా విప్పకుండా చెప్పడం మొదలుపెట్టింది.

"చెవి చాలా బాగుందన్నారండి మాస్టారూ. కానీ నాలుగో వేలు ఎందుకు వాడట్లేదని అడిగేరండి. వాళ్ళ గిటారొకటిచ్చి దీని మీద వాయించమన్నారు. మెడ ఇంత లావుందండి. చెయ్యి అందక మధ్యలోనే ఆపేసేను. నాలుగు వేళ్ళూ నేర్చుకుని నెల తర్వాత రమ్మన్నారు, అప్పుడు ఇంకోసారి చూస్తారంట."

గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు బావగారి ఎడమచెయ్యి మెల్లగా తువ్వాలు కిందికి వెళ్ళిపోయింది.

"నేనింక వెళ్ళనండి" అంది నిఖిత. "మన పద్ధతే తప్పంటున్నారండి వాళ్ళు. అలాంటి చోట నేనేం నేర్చుకుంటాను? వాళ్ళ గిటారు బాగోలేదు గాని, రోవెల్ అయితే నేను వాయించేదాన్నేనండి."

ఆయన ఇప్పుడు చెబుతారు, ఇప్పుడు చెబుతారు అని నేను చూస్తున్నాను. ఆయన గొంతు సవరించుకుని, "వాళ్ళకేం తెలుసమ్మా రోవెల్ సంగతి" అన్నారు. ఆ అమ్మాయి మొహం వెలిగిపోయింది.

ఆ అమ్మాయి వెళ్ళేదాకా ఓర్చుకుని మొదలుపెట్టాను. "బావగారూ, ఆడలేక మద్దెల ఓడన్నవాళ్ళ గురించి విన్నాను గాని, మద్దెల మీద ప్రేమతో ఆటే మానేసేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నానండి. ఆ పిల్లకి నాలుగు వేళ్ళూ వంగుతాయి. మీకు వంగదు. ఆ ముక్క చెప్పడానికి ఎంతసేపు పడుతుంది?"

"నీకు తెలీదురా."

"ఏం తెలీదండి? మీ వేలి సంగతి తెలిస్తే నవ్వుతారని భయం. అంతే కదా?"

"నవ్వితే నవ్వనీ" అన్నారాయన. "అది కాదురా. ఎంతమంది పిల్లలురా? దేవుడు నాలుగు వేళ్ళిస్తే మూడింటితో సరిపెట్టుకోమని నేర్పేను. నేర్పలేదు గాని, చూస్తూ ఊరుకున్నాను. ఇప్పుడు చెప్తే ఒక్కొక్కడూ వచ్చి, అప్పుడే ఎందుకు చెప్పలేదు మాస్టారూ అని అడుగుతాడు. ఏం చెప్పను?"

నాకు కోపం తగ్గలేదు. భయపడేవాడు మాస్టారెందుకయ్యాడని కూడా అనేశాను. అక్క లోపలి నుంచి "ఒరే" అని గదమాయించింది. చెప్పులేసుకుని వచ్చేశాను.

ఆయన నోరు తెరిపించింది నేను కాదు, ఎలీసమ్మ గారు. రెండు రోజుల తర్వాత, బావగారింట్లో మేం భోజనానికి కూర్చున్న వేళకి వచ్చారు. కూతురికి నచ్చజెప్పమని అడగడానికి వచ్చారనుకున్నాను. ఆవిడ వచ్చింది క్షమాపణ చెప్పుకోవడానికి.

"మా అమ్మాయి చెన్నై వెళ్ళనందని మీరేం అనుకోకండి మాస్టారండి" అన్నారు గుమ్మంలో నిలబడి. "దానికి మీరంటే అంత గురి అండి. చిన్నప్పుడు నేర్చుకునేటప్పుడు దాని వేలు ఊరికే కిందకొచ్చేసేదండి. మాస్టారిలా నిలబడట్లేదమ్మా అని ఏడ్చేది. ఏం చేసేదో తెలుసాండి? చీపురుపుల్ల ముక్క ఆ వేలికి ఆనించి, దారంతో బిగించి కట్టేసుకునేది. అలాగే పడుకునేది. తెల్లారేసరికి వేలు నల్లగా కమిలిపోయేది. ఎంత చెప్పినా ఇనేది కాదండి. ఇప్పుడు చూడండి, ఎంత చక్కగా నిలబడుతుందో."

ఆవిడ ముచ్చటగా నవ్వుతూ చెప్పారు. బావగారి చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. ఎలీసమ్మ గారు వెళ్ళాక కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నారు.

మా చర్చిలో పాటలయ్యాక సాక్ష్యాల సమయం ఉంటుంది. దేవుడు ఎవరికి ఏ మేలు చేశాడో వాళ్ళు లేచి చెప్పుకుంటారు. జ్వరం తగ్గిందని ఒకరు, కొడుక్కి ఉద్యోగం వచ్చిందని ఒకరు. ప్రతి సాక్ష్యానికీ అందరూ హల్లెలూయ అంటారు. ఇన్నేళ్ళలో బావగారు ఆ సమయంలో ఒక్కసారి కూడా లేవలేదు. ఆయనకి గిటారే నోరు. ఆ ఆదివారం గిటారు పక్కన పెట్టి మైకు దగ్గరికి వెళ్ళారు.

"అందరూ బాగైన సంగతి చెప్పుకుంటారండి" అన్నారు. "నేను బాగవని సంగతి చెప్తాను."

వెనక బెంచీలోంచి ఎవరో అలవాటు కొద్దీ "హల్లెలూయ" అన్నారు. ఎవరూ నవ్వలేదు.

ఆయన ఎడమచెయ్యి పైకెత్తారు. మిగతా వేళ్ళన్నీ ముడిచారు, చిటికెన వేలు నిలబడే ఉంది. "ఇది వంగదండి. చిన్నప్పుడు వలుపు దగ్గర తెగింది. ఇది బాణీ కాదు, పద్ధతి కాదు, భక్తి అసలే కాదు. నాకు చేతకాక ఎత్తేను. మీరు చేతనయ్యుండీ ఎత్తేరు. నేను చూసి ఊరుకున్నాను. రోవెల్ మెడ సన్నం కాబట్టి నా మూడు వేళ్ళకి కుదిరింది. అందుకు నాకది ప్రాణం. మీకెందుకు ప్రాణం కావాలి? మీ చేతులు బాగానే ఉన్నాయి కదా." నిఖిత కూర్చున్న వైపు తిరిగి, "నిఖితమ్మా, నీ వేలికి పుల్ల కట్టింది నువ్వు కాదు, నేను. నన్ను క్షమించు" అన్నారు.

కుర్రాళ్ళందరూ నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. కొంతమంది తమ ఎడమచేతుల వైపే చూసుకుంటున్నారు. నిఖిత లేచింది. ఏదో అంటుందనుకున్నాం. చివరి ఆశీర్వాదం కూడా వినకుండా చర్చి బయటికి వెళ్ళిపోయింది.

ఆరాధన అయ్యాక సన్నీ వచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. కళ్ళు తుడుచుకుంటూ, "అయితే అయిందిలెండి మాస్టారూ. ఎన్ని చెప్పినా సౌండు మటుకు రోవెలేనండి" అన్నాడు. వాడితో వాదించే ఓపిక నాకు లేకపోయింది. ఇప్పటికీ వాడు వేలెత్తే వాయిస్తాడు, కొత్తవాళ్ళకి మాత్రం ఎత్తద్దని చెబుతాడు. ఒకసారి చేతికి కుదిరినదాని మీద మనిషికి కలిగే మమకారానికి సాక్ష్యాలతో పనిలేదు.

ఆ రాత్రంతా బావగారు అటూ ఇటూ దొర్లుతూనే ఉన్నారని అక్క చెప్పింది. ఆ పిల్ల ఇక రాదని ఆయన ఖాయం చేసుకున్నారు. మర్నాడు బ్యాంకు నుంచి వస్తూ ఆగేసరికి నిఖిత వరండాలో చాప మీద కూర్చుని ఉంది. ఒళ్ళో గిటారు రోవెల్ కాదు. అంజిబాబుని అడిగి తెచ్చుకున్న జపాను గిటారు.

"నాకు చాలా కోపమొచ్చిందండి మాస్టారూ" అంటోంది. "ఇంకా తగ్గలేదండి. ముందు ఈ వేలి సంగతి చూడండి."

"నాకు నాలుగు వేళ్ళతో రాదు కదమ్మా. నేనెలా నేర్పను?"

"వాయించడం రాకపోతే పోయిందండి, వినడం వచ్చు కదండీ మీకు. తప్పెక్కడో చెప్పండి చాలు."

ఆ నెల ఆ వరండాలో జరిగింది చూస్తే ఎంతటి కఠినాత్ముడికైనా గుండె కరుగుతుంది. ఏళ్ళ తరబడి గాల్లో నిలబడ్డ వేలు కిందికి రానంటుంది. వచ్చినా తీగ మీద బలంగా పడదు, గరగరమంటుంది. ఆయన కళ్ళు మూసుకుని కూర్చుని "మళ్ళీ" అంటారు. ఆ అమ్మాయి మళ్ళీ వాయిస్తుంది. వేలు అలవాటు కొద్దీ పైకి లేచినప్పుడల్లా ఆయనే కుడిచేత్తో దాన్ని మెల్లగా వంచి తీగ మీద ఆనించేవారు. కోపం ఎప్పుడు తగ్గిందో నాకు తెలియదు గాని, ఒకరోజు వెళ్ళేసరికి ఇద్దరూ ఏదో విషయానికి పడీ పడీ నవ్వుతున్నారు. అక్క ఉల్లిపాయ పకోడీలు వేసింది. జపాను గిటారు మెడకి కూడా కొబ్బరినూనె రాసి ఉంది. అంజిబాబుకి ఈ సంగతి చెప్పలేదు.

రెండోసారి సెలక్షన్లో నిఖితకి సీటు వచ్చింది.

కాలేజీలో చేరడానికి వెళ్ళే ముందు ఆదివారం చర్చిలో లీడ్ గిటారు నిఖితనే వాయించమన్నారు బావగారు. తను వెళ్ళి జనంలో కూర్చున్నారు. ఆ రోజు సంస్కారం ఆదివారం, అంటే అందరికీ రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే రోజు. సంస్కారం ఇచ్చేటప్పుడు మేం ఎప్పుడూ ఒకే పాట పాడతాం. అది బావగారి నాన్నగారు సొంతంగా కట్టిన పాట. కొబ్బరి రాశుల దగ్గర పాడుకునేవారట, ఆ పనివాళ్ళే చర్చికి తెచ్చారు. చాలా తేలికైన వరస, చిన్నపిల్లలు కూడా పాడేస్తారు.

నిఖిత పల్లవి వాయించింది, అందరూ అందుకున్నారు. చరణం మధ్యలో ఒకచోట మేం తిన్నగా కింది స్వరానికి దిగుతాం. అక్కడ గిటారు దిగలేదు. గబుక్కున పైకి పాకి, ఒక చుట్టు తిరిగి, అప్పుడు దిగింది. నాలుగు వేళ్ళూ ఒకదాని వెనక ఒకటి పరిగెత్తితే గాని రాని వంపు అది. నేను ఇన్నేళ్ళలో ఎన్నడూ వినలేదు. జనం ఎప్పటిలాగే తిన్నగా దిగిపోయారు. పిల్ల తప్పు వాయించిందనుకుని నేను బావగారి వైపు చూశాను. ఆయన రెండు చేతుల్లో మొహం పెట్టుకుని ఉన్నారు.

తర్వాత చెప్పారు. నాన్నగారు అలాగే పాడేవారట. మూడు వేళ్ళకి ఆ వంపు అందక గిటారు మీద దాన్ని వదిలేశారు. నాన్నగారు పోయాక పాటకి గిటారే దిక్కయింది, గిటారు ఎలా వెళ్తే జనం అలా వెళ్ళారు. పాట కూడా తన వేలి పాలే అయిందని ఆయన లోపల్లోపల కుమిలేవారు. ఆ నెలలో ఎప్పుడో ఒకసారి నిఖితకి కూనిరాగం తీసి వినిపించారు. వాయించమని అడగలేదు.

రెండో చరణం వచ్చింది. ఆ చోటు దగ్గరికి వచ్చేసరికి గిటారు మళ్ళీ పైకి వెళ్ళింది. ఈసారి ఒంటరిగా వెళ్ళలేదు. ఆడవాళ్ళ వైపు, గోడవారన కూర్చునే ముసలమ్మలు నలుగురైదుగురు గిటారుతో పాటు ఎక్కి, చుట్టు తిరిగి, దిగారు. వణికే గొంతులే గాని ఎక్కడా తడబడలేదు. నిన్నా మొన్నా పాడినట్టే పాడారు.

ఆరాధన అవగానే బావగారు వాళ్ళ దగ్గరికి వెళ్ళి చిట్టెమ్మ గారి ముందు కింద కూర్చున్నారు. ఆవిడ ఆయన నాన్నగారితో కలిసి కొబ్బరి రాశుల దగ్గర పనిచేసిన మనిషి.

"ఆ వంపు నీకింకా గుర్తుందా పిన్నీ?" అని అడిగారు.

"ఎందుకు గుర్తుండదు నాయనా, మీ నాన్న నోట వింటూ వలుపు వలిచినోళ్ళం."

"మరి ఇన్నేళ్ళూ పాడలేదేం?"

చిట్టెమ్మ గారు ఆయన ఎడమచెయ్యి తన ఒళ్ళోకి తీసుకున్నారు. "నీ చెయ్యి తెగిన రోజు గుడ్డ కట్టింది నేనే కదా బాబూ. మేం పాడితే నీ వేలికి అందదని నలుగురికీ తెలిసిపోద్దని, మేమే మానేసేం" అన్నారు.